ఓదార్పు మాటను యంత్రము గుర్తించునా?

బహదూర్‌పురాలో తెలుగు, దక్కనీ ఉర్దూ ఇరుగుపొరుగు భాషలు. కష్టములో నున్న స్నేహితునితో ఒకరు “ఫికర్ చెయ్యకు, మేమున్నాం” అందురు. మరొకరు “ఫికర్ నక్కో కరో” అందురు. ఫోనులో ఈ మాటలను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుట కూడ పరిపాటి. వేలకొలది సందేశములలో ఇట్టి ధైర్యవచనములను ఏరి చూపగల యంత్రమున్నచో, దిగులుపడినవానికి దూషణకంటె ముందు ఓదార్పు కంటబడును. అది సాధ్యమా?

ఈ ప్రయత్నమునకు మూలములు 1960వ దశాబ్దములో నున్నవి. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిలిప్ స్టోన్, ఆయన సహచరులు “జనరల్ ఎంక్వైరర్” అను పద్ధతిని రూపొందించిరి. దానిపై గ్రంథము 1966లో వెలువడెను. మాటలను వర్గములుగా విభజించిన నిఘంటువును కంప్యూటరునకిచ్చి, రచనలో ఏ వర్గపు మాటలు ఎన్ని గలవో లెక్కింపజేయుట దీని సారము.

కాని లెక్క చాలదు. “ఫికర్” అనగా చింత; నిఘంటువు దానిని దుఃఖపు మాటలలో చేర్చును. “ఫికర్ అవుతోంది” అను వాపోతయు, “ఫికర్ చెయ్యకు” అను ఓదార్పును అట్టి యంత్రమునకు ఒక్కటే. ఓదార్పంతయు క్రియ చివరనున్న “కు” అను ఒక్క అక్షరములో, దక్కనీలో “నక్కో” అను మాటలో ఇమిడియున్నది.

తరువాతి పద్ధతిలో మనుష్యులు వాక్యములను చదివి, ఇది ఓదార్పు, ఇది కాదు అని గుర్తు పెట్టుదురు. ఆ ఉదాహరణల నుండి యంత్రము నేర్చుకొనును. 2018లో గూగుల్ సంస్థ ప్రకటించిన “బెర్ట్” ప్రతి మాటను దాని ముందువెనుకల మాటలతో కలిపి పరిశీలించును. దాని బహుభాషా రూపములో తెలుగు కూడ కలదు. అయితే అది వికీపీడియా వ్యాసములతో శిక్షణ పొందినది. అచ్చట ఇంటిలో, వీధిలో వినవచ్చు ఓదార్పు మాటలు అరుదు.

2020లో భారతి రాజా చక్రవర్తి ఆశాజనకమైన వ్యాఖ్యలను గుర్తించుటకై యూట్యూబు నుండి ఇంగ్లీషులో 28,451, తమిళములో 20,198, మలయాళములో 10,705 వ్యాఖ్యలను కూర్చి గుర్తులు పెట్టించెను. అందులో తెలుగు లేదు. 2024లో తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన వ్యాఖ్యలపై పరిశోధకులకు ఒక పోటీ జరిగెను. కాని అది ద్వేషభాషను పట్టుటకు.

1998లో గచ్చిబౌలిలో స్థాపితమైన ట్రిపుల్ ఐటీలో తెలుగు మున్నగు భారతీయ భాషలపై పరిశోధన జరుగుచున్నది. అయినను పరిశోధనాలయము ఒక్కటే చాలదు. “నక్కో” ఎప్పుడు ఓదార్పో, ఎప్పుడు తిరస్కారమో చెప్పగలవారు ఆ వీధిలో పెరిగినవారే. ఒకే వాక్యమును ముగ్గురు విడివిడిగా చదివి ఏకీభవించిరా యని చూడవలెను. వ్రాసినవారి అనుమతి లేనిదే వారి మాటలు సేకరింపరాదు. ఉపాధ్యాయులు తరగతిలో పది వాక్యములతో దీనిని ప్రయత్నించవచ్చును. యంత్రము ఓదార్పును వెదకగలదే గాని, ముందుగా దానిని పలుకవలసినది మనిషియే.