విదేశాంగ విధానం - ప్రజామోదం: హైదరాబాద్ సంస్థానం ఉదాహరణ

ఇతర రాజ్యాలతో మాట్లాడే అర్హత ఒక ప్రభుత్వానికి ఎక్కడి నుంచి వస్తుంది? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించండి.

1947 నవంబర్ 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. దీని ప్రకారం విదేశీ వ్యవహారాలతో సహా పాత ఏర్పాట్లే ఏడాదిపాటు కొనసాగాలి. అయినప్పటికీ 1948 ఆగస్టులో ఆయన ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలిని ఆశ్రయించింది. అప్పటికే నల్లగొండ జిల్లాలో రైతాంగ పోరాటం సాగుతోంది. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల్లోని అనేక గ్రామాల్లో ప్రభుత్వ ఆజ్ఞ చెల్లడం లేదు. సొంత ప్రజల ఆమోదం లేని పాలకుడి వాదనకు బయట బలం చేకూరలేదు.

సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది. ఒక దళం విజయవాడ వైపు నుంచి కోదాడ, సూర్యాపేటల మీదుగా సాగింది. 16న భద్రతామండలి ఫిర్యాదును చర్చకు స్వీకరించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత ఫిర్యాదును ఉపసంహరించుకున్నాడు.

అయితే సైనిక విజయం కూడా ప్రజామోదానికి ప్రత్యామ్నాయం కాదు. వయోజన ఓటు హక్కుతో ఇక్కడి ప్రజలు తీర్పు చెప్పింది 1952 ఎన్నికల్లోనే.

నేటి ఐరోపా సమాఖ్యలో విదేశాంగ నిర్ణయాలకు సాధారణంగా 27 సభ్యదేశాల ఏకగ్రీవం అవసరం. ప్రభుత్వాల ఏకగ్రీవం, ప్రజల ఆమోదం ఒక్కటేనా? హైదరాబాద్ ఉదాహరణతో పోల్చి మీ సమాధానం రాయండి.