మారిస్ మైనరు మొదలు లాంగ్‌బ్రిడ్జి మూత వరకు

నడివయస్సు దాటిన తెలుగువారిలో అంబాసిడరు కారును ఎరుగనివారు ఉండరు. కలెక్టరుగారి బండి అదియే, పెండ్లివారి బండి అదియే, రైలుస్టేషను ముందర నిలిచిన టాక్సీయు అదియే. కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్సువారు 1957 నుండి 2014 మే నెల వరకు దీనిని తయారుచేసిరి. కాని దీని పుట్టినిల్లు ఇంగ్లండు. ఆక్సుఫర్డు నగరమును ఆనుకొనియున్న కౌలీలో 1956లో వెలువడిన 'మారిస్ ఆక్సుఫర్డు' మూడవ శ్రేణి కారునకు ఇది మారురూపము. పుట్టినింట ఆ కారు మూడేండ్లకే మూలబడెను. మెట్టినింట ఏబది యేడేండ్లు తిరిగెను. అంతకంటె విచిత్రమేమనగా, దానిని కన్న కంపెనీయే దానికంటె ముందు అంతరించెను. ఆ కంపెనీ కథ చాలవరకు బ్రిటిషు కారు పరిశ్రమ కథయే.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి బ్రిటను అప్పులలో మునిగియుండెను. డాలర్లు రావలెనన్న సరకులు ఎగుమతి కావలెను. కావున కొరతగానున్న ఉక్కును ప్రభుత్వము ఎగుమతి చేయు కంపెనీలకే ముందుగా కేటాయించెను. 1950 నాటికి కార్ల ఎగుమతిలో బ్రిటనుది ప్రపంచమున ప్రథమస్థానము. ఉత్పత్తిలో అమెరికా తరువాత స్థానము. అయితే ఇందులో నేర్పు ఎంత, పోటీ లేకపోవుట ఎంత అని అడుగవలసియున్నది. జర్మనీ, జపాను అప్పటికి కోలుకొనలేదు. ఏ కారు చేసినను కొనుటకు జనము కాచుకొనియుండిరి. ఉల్ఫ్స్‌బర్గులోని ఫోక్స్‌వాగన్ కర్మాగారము యుద్ధానంతరము బ్రిటిషు సైన్యము చేతిలోనే ఉండెను. ఐవాన్ హర్స్ట్ అను బ్రిటిషు అధికారి దానిని తిరిగి నడిపించెను. దానిని తీసికొనుటకు బ్రిటిషు కంపెనీలు ముందుకు రాలేదు. అక్కడ తయారైన గుండ్రని బీటిల్ కారు 2003లో ఆగిపోవునప్పటికి రెండుకోట్లకు పైగా అమ్ముడుపోయెను!

ఆ కాలపు బ్రిటిషు కార్లు చెడ్డవనుకొనరాదు. 1948లో వెలువడిన మారిస్ మైనరునే చూడుడు. దాని రూపకర్త ఎలెక్ ఇసిగోనిస్ 1906లో స్మిర్నా నగరమున జన్మించి, యుద్ధము వలన ఇల్లు వదలి ఇంగ్లండు చేరినవాడు. మైనరు ముందుచక్రముల భారమును స్ప్రింగు చుట్టలకు బదులు మెలికపడి తిరిగి సాగు పొడవైన ఉక్కుకడ్డీలు మోసెను. స్టీరింగు త్రిప్పినప్పుడు పండ్లచక్రమొకటి పండ్లకడ్డీని నేరుగా ప్రక్కకు జరుపును. కావున చేయి ఎంత కదలిన చక్రము అంత కదలును. తయారీకి సిద్ధమైన నమూనా మరీ ఇరుకుగా కనబడగా, ఇసిగోనిస్ దానిని నిలువునా రెండుగా కోయించి, చూపునకు ఇంపుగా తోచువరకు ఎడముగా జరిపించెను. ఆ ఎడము నాలుగు అంగుళములు! అప్పటికే బంపర్లు తయారైయుండుటచే వాటినిగూడ నడుమ కోసి అతుకు వేసిరి. తొలినాటి మైనరుల బంపరుపై ఆ అతుకును నేటికిని చూడవచ్చును. కంపెనీ అధినేత నఫీల్డు ప్రభువునకు ఈ కారు నచ్చలేదు. అయినను 1960 చివరకు పదిలక్షల సంఖ్యను చేరిన మొదటి బ్రిటిషు కారు అదియే అయ్యెను.

మన దేశమున దీనినే 'బేబీ హిందూస్థాన్' అను పేర తయారుచేసిరి. నాటి కార్లను నడిపినవారిని కదిపిన చాలును, ఎన్నో ముచ్చట్లు చెప్పుదురు. చలి ఉదయమున చోకు లాగి, ముందర హ్యాండిలు దూర్చి త్రిప్పుట. మలుపు వచ్చినప్పుడు తలుపు ప్రక్కనున్న స్తంభము నుండి జానెడు పొడవున వెలువడు నారింజరంగు చేయి. అది ఇరుక్కొని రాకపోయిన లోపలినుండి ఒక గ్రుద్దు! మద్రాసులో తయారైన స్టాండర్డు హెరాల్డుకు బానెట్టు, ముందు మడ్‌గార్డులు కలిసి ఒక్కసారిగా ముందుకు లేచెడివి. మెకానిక్కు ముందుచక్రముపై కూర్చుండి ఇంజను పని చేసికొనెడివాడు. ఇంత సౌకర్యము నేటి కార్లలో లేదు.

1956లో సూయజు కాలువ సంక్షోభము వలన బ్రిటనులో పెట్రోలునకు రేషను వచ్చెను. ఆస్టిను, మారిస్ కంపెనీలు 1952లోనే బ్రిటిష్ మోటార్ కార్పొరేషనుగా ఏకమైయుండెను. దాని అధిపతి లెనార్డు లార్డు, చిన్న కారొకటి త్వరగా కావలెనని ఇసిగోనిసును కోరెను. 1959 ఆగస్టులో 'మినీ' వెలువడెను. పొడవు పదియడుగులు, చక్రములు పది అంగుళములు. నలుగురికి చోటెట్లు దొరకెను? ఇంజనును అడ్డముగా త్రిప్పి, గేరుపెట్టెను దాని క్రింది నూనెతొట్టిలోనే అమర్చి, ముందుచక్రములనే నడిపించుట వలన. చిన్నకారులో నలుగురు ఎక్కిన బరువు సగము వరకు పెరుగును. స్ప్రింగు మెత్తనిదైన క్రుంగును, గట్టిదైన ఖాళీబండి ఎగిరిపడును. అందువలన అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు దిమ్మలను వాడిరి. రబ్బరు నొక్కినకొలది మరింత బిగియును గదా! నేటి చిన్నకార్లలో అధికభాగము అడ్డపుటింజను, ముందుచక్రముల నడక అను ఈ పద్ధతివే.

కాని ఈ కారులోనే పరిశ్రమ రోగమును చూడవచ్చును. విద్యుత్తును పంచు డిస్ట్రిబ్యూటరు ముందరి జాలి వెనుకనే ఉండుటచే వానలో తడిసి బండి నిలిచిపోయెడిది. లోపలి తివాసీలు నానెడివి. ధర అయిదువందల పౌండ్లకు లోపు. ఫోర్డు కంపెనీ ఇంజనీర్లు ఒక మినీని కొని, విడదీసి, లెక్కకట్టి, దీనిని నష్టమునకే అమ్ముచున్నారని తేల్చిరి. మినీ మొత్తము 53 లక్షలకు పైగా అమ్ముడైనను, క్రొత్త యంత్రములకు చాలినంత లాభము తేలేదు. పైగా ఏకమైన కంపెనీలు పేరునకే ఏకమైనవి. ఒకే కారును ఆస్టిను పేర ఒక దుకాణమున, మారిస్ పేర ఎదుటి దుకాణమున అమ్ముచుండిరి.

సమ్మెలే ఈ పరిశ్రమను చంపినవని పలువురు అందురు. ఇది సగము సత్యము మాత్రమే అని నా అభిప్రాయము. చేసిన వస్తువుల లెక్కను బట్టి కూలి ఇచ్చుచుండుటచే ప్రతి క్రొత్త పనికి క్రొత్త బేరము, ప్రతి బేరమునకు ఒక తగవు. నిజమే. కాని బేరము కుదుర్చుకొనుట యజమానుల పని కాదా? ప్రభుత్వముగూడ ఊరకుండలేదు. నిరుద్యోగము తగ్గించుటకై రూట్సు కంపెనీని స్కాట్లండులోని లిన్‌వుడ్‌లో కర్మాగారము కట్టించునట్లు చేసెను. 1963లో అచ్చట తయారైన 'హిల్‌మన్ ఇంప్' కారు ఇంజనుకు పోతలు లిన్‌వుడ్‌లో పోసి, దాదాపు 300 మైళ్ల దూరముననున్న కవెంట్రీ ప్రాంతమునకు పంపి చెక్కించి, తిరిగి లిన్‌వుడ్‌కు తెప్పించెడివారు! 1981లో ఆ కర్మాగారము మూతబడెను.

1968లో మిగిలినవన్నియు కలసి బ్రిటిష్ లేలాండు అయ్యెను. మద్రాసు అశోక్ లేలాండు పేరులోని లేలాండు ఈ కూటమికి నాయకత్వము వహించిన లారీల కంపెనీయే. 1972లో బ్రిటను 19 లక్షల కార్లు తయారుచేసెను. పదేండ్లకు అది తొమ్మిది లక్షలకు దిగెను. 1975లో ప్రభుత్వమే కంపెనీని చేపట్టెను. 1988లో విమానముల కంపెనీకి, 1994లో జర్మనీ బీఎండబ్ల్యూకు చేతులు మారి, 2000లో రోవరు భాగము నామమాత్రముగా పది పౌండ్లకు అమ్ముడుపోయెను. 1905లో హెర్బర్టు ఆస్టిను స్థాపించిన లాంగ్‌బ్రిడ్జి కర్మాగారము 2005 ఏప్రిలులో ఆగిపోగా ఇంచుమించు ఆరువేలమంది ఉద్యోగములు పోగొట్టుకొనిరి. ఆస్తులను చైనా కంపెనీ కొనెను.

బ్రిటనులో కార్ల తయారీ ఆగిపోలేదు. 2016లో 17 లక్షలకు పైగా తయారైనవి. యజమానులు మారిరి, అంతియే. 1952లో ఆస్టినుతో ఒప్పందము చేసికొని వారి కార్లు బిగించి పని నేర్చిన జపాను నిస్సానువారే 1986లో సండర్లండున కర్మాగారము తెరచిరి. జాగ్వారు, ల్యాండ్ రోవరులను 2008లో మన టాటావారు కొనిరి. అంబాసిడరునకు మూలమైన కారు పుట్టిన కౌలీలో బీఎండబ్ల్యూవారు క్రొత్త మినీని తయారుచేయసాగిరి.

పాత మైనరులు మాత్రము బ్రిటనులోను, శ్రీలంకలోను ఇంకను తిరుగుచున్నవి. 'ట్రావెలర్' అను రకమునకు వెనుకభాగము ఆష్ కలప చట్రము. అది అలంకారము కాదు, కప్పును మోయునదియే. కలప పుచ్చినచో 2018 వరకు తప్పనిసరి తనిఖీలో బండి తప్పెడిది. ఆ చట్రమును కొలతల ప్రకారము క్రొత్తగా చేసి అమర్చు వడ్రంగులు ఇంగ్లండులో నేటికిని కలరు.