ప్రేగు గోడలో కావలికణములు

ఏటేట నులిపురుగుల నివారణ దినమున కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలలో ఉపాధ్యాయులు పిల్లలచేత ఆల్బెండజోలు మాత్రలు నమిలించుట అందరికిని తెలిసినదే. 2015 లో కొన్ని రాష్ట్రములలో మొదలై, మరుసటి యేట దేశమంతట వ్యాపించిన ఈ కార్యక్రమము ఒకటి మొదలు పందొమ్మిదేండ్ల వయస్సు వారికి ఉద్దేశింపబడినది. మలముతో కలుషితమైన తడిమట్టిలో వట్టికాళ్లతో నడచువారి పాదములగుండ కొంకిపురుగు పిల్లలు శరీరమున ప్రవేశించును. ఏలికపాముల గ్రుడ్లు మట్టి అంటిన చేతులనుండి నోటిలోనికి పోవును. మాత్ర పురుగును చంపును. కాని, పురుగు కడుపులో నున్నంతకాలము ప్రేగు ఊరకుండునా? ఊరకుండదు. దానిని ఎదుర్కొనుటలో ప్రేగు గోడలోని నాడీమండలమునకు గూడ పాలు కలదు. అందును, శాస్త్రజ్ఞులు చాలకాలము ‘జిగురు’ అని త్రోసివేసిన కణములు ఇందు పాల్గొనుచున్నవి. ఈ సంగతి బయటపడిన విధము తెలిసికొనదగినది.

1857 లో మైస్నరు అను జర్మను శాస్త్రజ్ఞుడు ప్రేగు లోపలి పొర క్రింద సన్నని నాడుల అల్లికను కనుగొనెను. 1862 లో అవర్‌బాఖు రెండు కండరపొరల నడుమ మరియొక అల్లిక నున్నదని ప్రకటించెను. ఈ రెండింటిలోను కలిసి కోట్లకొలది నాడీకణములున్నవి. ఇవి యేమి చేయుచున్నవో 1899 లో బేలిస్, స్టార్లింగు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు తేటపరచిరి. వారు కుక్క ప్రేగునకు వెలుపలినుండి వచ్చు నాడులను తెంచివేసిరి. అయినను, ప్రేగులో ఒక ముద్దను ఉంచగా, దానికి పైభాగము ముడుచుకొని, క్రిందిభాగము సడలి, ముద్ద ముందునకు సాగిపోయెను. మెదడు ఆజ్ఞ లేకయే ప్రేగు తన పని తాను చేసికొనగలదని దీనివలన తేలినది. కనుకనే 1921 లో కేంబ్రిడ్జి ఆచార్యుడు లాంగ్లీ తన గ్రంథములో ప్రేగు నాడీమండలమును ప్రత్యేక విభాగముగ పరిగణించెను.

అయితే ఈ అల్లికలలో నాడీకణములు మాత్రమే లేవు. 1899 లోనే రష్యా శాస్త్రజ్ఞుడు డోగియెల్ వాటిని చుట్టుకొనియున్న చిన్న కణములను వర్ణించెను. ఇట్టి కణములు మెదడులో నున్నవని అప్పటికే తెలియును. వాటికి 1856 నాటికే విర్ఖో పెట్టిన పేరు ‘న్యూరోగ్లియా’. గ్రీకు భాషలో గ్లియా అనగా జిగురు. తుమ్మబంక కాగితములను అంటించి ఉంచునట్లు ఇవి నాడీకణములను కూర్చి ఉంచునని ఆనాటి భావము. పేరు స్థిరపడిన పిమ్మట, జిగురు వేరే పని యేమి చేయునని అడిగినవారు అరుదు. ప్రేగులోని గ్లియా కణములను గూర్చి అనేక దశాబ్దములు విశేషమైన పరిశోధన జరుగలేదు.

1970 తరువాత గబెల్లా ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచి, ఇవి శరీరములోని ఇతర నాడులను చుట్టుకొనియుండు కణములవలె గాక మెదడులోని గ్లియాను పోలియున్నవని గుర్తించెను. 1980 లో జెస్సెన్, మిర్‌స్కీ అనువారు మెదడు గ్లియాలో నుండు ఒక ప్రత్యేక ప్రోటీను ప్రేగు గ్లియాలో గూడ నున్నదని చూపిరి. ఈ ప్రోటీను ఆ కణములకు బొట్టు పెట్టినట్లు గుర్తయినది. గుర్తు దొరకినచో ఆ కణములను మాత్రమే తొలగించి చూడవచ్చును గదా!

1998 లో బుష్, సోఫ్రోన్యూ మొదలగువారు చేసినది అదియే. ఈ ప్రోటీను తయారుచేయు కణములు ఒక మందు ఇచ్చినంతనే చచ్చునట్లు చిట్టెలుకల జన్యువులను మార్చిరి. మందు ఇచ్చిన కొలదివారములలో ఎలుకల చిన్నప్రేగు తీవ్రముగ వాచి, రక్తస్రావమై, అవి మరణించెను. జిగురు ఊడినంతమాత్రమున ఇంత విపత్తు కలుగునా? గ్లియా కణములు ప్రేగును కాపాడుచున్నవను భావము దీనితో బలపడినది.

కాని కథ ఇంత సులభముగ ముగియలేదు. 2017 లో మీనాక్షి రావు, ఆమె సహచరులు వేరొక గుర్తు నాధారముగ చేసికొని ప్రేగు గ్లియాలో అధికభాగమును తొలగించిరి. ఈ పర్యాయము ప్రేగు లోపలి పొర చెడలేదు, వాపు రాలేదు. ఆడ ఎలుకలలో ప్రేగు కదలిక మాత్రము మారెను. మొదటి ప్రయోగములో ఇతర కణములకు గూడ హాని కలిగెనేమోయను సందేహము దీనివలన గట్టిపడినది. కణమును చంపి చూచుటకంటె, బ్రదికియున్న కణము ఎవరితో మాటలాడుచున్నదో వినుట మేలైన మార్గమని తోచును.

ఆ మార్గమున 2016 లో లిస్బను నగరమున వెయ్‌గా-ఫెర్నాండెష్ బృందము ముందడుగు వేసెను. ప్రేగులోని సూక్ష్మజీవుల జాడను గ్లియా కణములు పసిగట్టి, సమీపమందలి రక్షణకణములకు రసాయనములద్వారా కబురు పంపుననియు, అవి మరియొక పదార్థమును వెలువరించి లోపలి పొరను కాపాడుననియు చిట్టెలుకలలో చూపిరి. 2021 లో లండనులోని క్రిక్ సంస్థలో ప్రొగాట్‌స్కీ, పాఖ్నిస్ మొదలగువారు చిట్టెలుకల ప్రేగులో వసించు ఒక నులిపురుగుతో ప్రయోగము చేసిరి. పురుగు సోకగానే గ్లియా కణములు ఇంటర్‌ఫెరాన్-గామా అను రక్షణసంకేతమునకు స్పందించెను. గ్లియాకు ఆ సంకేతము అందకుండ చేసినచో, రక్షణ తగ్గుటకు మారుగ వాపు మితిమీరి, పురుగు చుట్టును ఏర్పడు గడ్డలు అధికమయ్యెను.

ఇక్కడ మన చెరువుల క్రింది నీరటిని తలచుకొనవచ్చును. తూము తెరువకున్న పొలము ఎండును. మితిమీరి వదలిన మడి మునుగును. ఎంత నీరు, ఎప్పుడు అనునది నీరటి యెరుగును. వాపు గూడ అట్టిదే: కొంత లేక శత్రువు తొలగదు, మితిమీరిన తన ప్రేగే పుండగును. ఆ కొలత నిలుపువారిలో గ్లియా యొకటి. మనుష్యులలో దీర్ఘకాలిక ప్రేగువాపు రోగుల గ్లియా కణములలోను ఇదే సంకేతపు జాడలు కనిపించినవి. దీనినుండి మందు పుట్టునో లేదో ఇంకను చెప్పలేము. అంతవరకు మరుగుదొడ్డి, చెప్పులు, సబ్బుతో కడిగిన చేతులు, ఏటేటి మాత్ర - ఇవియే నులిపురుగులనుండి పిల్లలకు రక్ష.

విద్యార్థులు గమనింపదగినది మరియొకటి కలదు. డోగియెల్ చూచిన కణములే నేటి పరిశోధకులును చూచుచున్నారు. నడుమ నూరేండ్లు గడచుటకు పనిముట్ల కొరత ఒక కారణము. జిగురు అను పేరు రెండవది.