బూట్లు విప్పిన అనువాదకుడు

1873లో ఒక రోజు. బీజింగ్‌లోని స్వర్గ దేవాలయం. చైనా చక్రవర్తులు ఆకాశానికి బలులు సమర్పించే తెల్లరాతి వేదిక దగ్గర స్కాట్లండ్ దేశస్థుడొకాయన బూట్లు విప్పారు. వేదికెక్కి, మధ్య రాయి చుట్టూ మిత్రులతో కలిసి నిలబడి క్రైస్తవ స్తుతిగీతం పాడారు. గుడి దగ్గర చెప్పులు విడవడం మనకు పుట్టుకతో అబ్బిన అలవాటు. మత ప్రచారానికని సముద్రాలు దాటి వచ్చిన ప్రొటెస్టెంట్ మిషనరీ అన్యమతస్థుల చోట ఆ పని చేయడం మాత్రం మామూలు సంగతి కాదు.

ఆయన పేరు జేమ్స్ లెగ్. కన్ఫ్యూషియస్‌ను ఇంగ్లీషు పాఠకుల ఇళ్లకు చేర్చిన మనిషి. ఆ రోజు ఆయన బూట్లు ఎందుకు విప్పారో తెలిస్తే, ఆయన అనువాదంలోని ఒక్క మాట మీద అంత గొడవ ఎందుకు జరిగిందో కూడా తెలుస్తుంది.

ఆ మాట ‘షాంగ్‌దీ’. ‘పైనున్న ప్రభువు’ అని దానికి స్థూలంగా అర్థం. చైనా ప్రాచీన గ్రంథాల్లో కనిపించే ఈ ప్రభువూ బైబిల్లోని దేవుడూ ఒక్కరేనని లెగ్ గట్టిగా నమ్మారు. అందుకే ఆ వేదిక దగ్గర బూట్లు విప్పారు. అది ఎవరో పరాయి దేవత పేరని చాలామంది తోటి మిషనరీలు వాదించారు. మాక్స్ ముల్లర్ సంపాదకత్వంలో, మన ఉపనిషత్తులు వెలువడిన ‘ప్రాచ్య పవిత్ర గ్రంథాల’ వరుసలోనే 1879లో లెగ్ చైనా సంపుటం వచ్చింది. అందులో షాంగ్‌దీని ఆయన నేరుగా ‘గాడ్’ అనేశారు. మరుసటి ఏడే చైనాలోని కొందరు మిషనరీలు ముల్లర్‌కు అభ్యంతరం తెలుపుతూ ఉత్తరం రాశారు. లెగ్ వెనక్కి తగ్గలేదు.

అలాగని ఆయన మతం కోసం మూలాన్ని వంచిన మనిషి అనుకుంటే పెద్ద అన్యాయం. 1861లో మొదలైన ఆయన ‘చైనా ప్రాచీన గ్రంథాల’ సంపుటాల్లో ఏ పుట తెరిచినా పైన చైనా మూలం, మధ్యలో అనువాదం, అడుగున కిక్కిరిసిన వివరణలు కనిపిస్తాయి. చైనా వ్యాఖ్యాతలు ఏమన్నారో, తాను ఎక్కడ విభేదించారో అక్కడే చెబుతారు. తన మాట నచ్చకపోతే సరిచూసుకోవడానికి దారి ఆయనే వేసిపెట్టారు. ఆ పని వెనుక వాంగ్ తావ్ అనే చైనా పండితుడి శ్రమ కూడా ఉంది. తైపింగ్ తిరుగుబాటుదారులతో సంబంధముందన్న అనుమానంతో ప్రభుత్వం వెంటాడగా 1862లో హాంకాంగ్ చేరిన వాంగ్ తావ్, తర్వాత లెగ్ కోసం స్కాట్లండ్ దాకా వెళ్లారు.

ఒకే అక్షరం ఒక్కొక్కరి చేతిలో ఎలా మారుతుందో చూడాలంటే ‘రెన్’ దగ్గర ఆగాలి. కన్ఫ్యూషియస్ బోధకు ఇది ప్రాణం. రాతలో ఎడమవైపు ‘మనిషి’, కుడివైపు ‘రెండు’. లెగ్ దీన్ని చాలాచోట్ల ‘పరిపూర్ణ సద్గుణం’ అన్నారు. అందులో ఉపదేశకుడి గొంతు ఉంది. 1938లో ఆర్థర్ వేలీ ‘మంచితనం’ అన్నారు. బ్రిటిష్ మ్యూజియం చిత్రాల విభాగంలో పని చేస్తూ చైనీస్ సొంతంగా నేర్చుకున్న ఆయన ఒక్కసారీ చైనా వెళ్లలేదు. కవి కావడం వల్ల మాట తేలిగ్గా, చెవికి ఇంపుగా ఉండాలని చూసేవారు. 1998లో రోజర్ ఏమ్స్, హెన్రీ రోస్‌మాంట్ అనే ఇద్దరు తత్వశాస్త్ర ఆచార్యులు ఈ పాత మాటల్లో పాశ్చాత్య భావాలు పేరుకున్నాయన్నారు. వారి లెక్కన రెన్ అంటే నడవడితో నలుగురికీ ప్రమాణంగా నిలవడం. ‘ధర్మం’ అన్న మాటను ఇంగ్లీషులో పెట్టబోయి తడబడిన ఎవరికైనా ఈ అవస్థ అర్థమవుతుంది.

ప్రాచీన చైనా యుద్ధతంత్ర గ్రంథమైన సున్‌జీ ‘యుద్ధకళ’దీ ఇదే కథ. 1910లో దాన్ని అనువదించిన లయనెల్ గైల్స్ బ్రిటిష్ మ్యూజియం పండితుడు. పాత వ్యాఖ్యలను ఒక్కొక్కటే తూచి చూపారు. 1963లో మళ్లీ అనువదించిన శామ్యూల్ గ్రిఫిత్ అమెరికా మెరైన్ దళంలో జనరల్‌గా పనిచేసిన సైనికుడు. మావో గెరిల్లా యుద్ధ రచననూ ఆయన అనువదించారు. అందుకే సున్‌జీకి రాసిన ముందుమాటలో మావో కోసం ఒక అధ్యాయమే కేటాయించారు.

చైనా ప్రాచీన సాహిత్యం తెలుగువాళ్లకు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే అందింది. అంటే మన చేతికొచ్చేసరికి ఒక్కో మాటా కనీసం ఇద్దరు అనువాదకుల జీవితాల గుండా నడిచొచ్చినట్టు. అందుకే ముందుమాట దాటేసి పుస్తకంలోకి వెళ్లకూడదు. ఆ అనువాదకుడు ఎవరు, దేన్ని ప్రేమించాడు, ఎవరితో వాదించాడు అని అడిగి మరీ చదవాలి.

లెగ్‌లో దైవభక్తి లేకపోతే దశాబ్దాల పాటు అంత చాకిరీ చేసేవారు కాదు. ఆ భక్తే షాంగ్‌దీ మీద తన రంగు పులిమింది. రెండూ నిజమే. ఆ తెల్లరాతి వేదిక మీద బూట్లు విప్పిన మనిషే, ఆ మాటకు ‘గాడ్’ అని రాసిన మనిషి కూడా.