స్వదేశము చేరిన గిటారు

బ్లూస్ అమెరికాలోని నల్లజాతివారి కష్టజీవితమునుండి వెలువడిన గానము. ఆ సంప్రదాయమునకు చెందిన గిటారు విద్వాంసుడు లూథర్ ఆలిసన్ 1939లో ఆర్కాన్సా రాష్ట్రమున జన్మించి షికాగోలో పెరిగెను. 1970 దశకమున మోటౌన్ సంస్థ అతని రికార్డులను వెలువరించినను స్వదేశమున ఆదరణ నిలువలేదు. యూరప్ శ్రోతలు అక్కున జేర్చుకొనగా పారిస్ చేరి అచటనే కాపురముండెను; కచేరీలు చేయుచు సాధన విడువలేదు.

మెంఫిస్ నగరమున జిమ్ గెయిన్స్ పర్యవేక్షణమున ధ్వనిముద్రితమైన ‘సోల్ ఫిక్సిన్ మాన్’ ఆల్బమ్‌ను 1994లో షికాగోకు చెందిన అలిగేటర్ సంస్థ వెలువరించెను. దానితో అమెరికా అతనిని మరల ఆలకించెను. బ్లూస్ రంగపు ఉన్నత పురస్కారములు లభించెను.

ఆ వైభవము మూడేండ్లే. 1997 ఆగస్టు 12న, 58వ జన్మదినమునకు అయిదు దినముల ముందు, కాన్సరు వ్యాధితో కన్నుమూసెను. పరదేశవాసము అతని కళను మరుగుపరచినదనుట సరికాదు. స్వదేశము పిలుచువరకు దానిని కాపాడినది పరదేశమే.