ఎవరూ పోయని ఈస్ట్రోజెన్

1987 చివరి రోజులు. బోస్టన్‌లోని టఫ్ట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాల. ఇంక్యుబేటర్‌లోంచి తీసిన ప్లేట్లను ఆనా సోటో మైక్రోస్కోపు కింద పెట్టారు. అవి రొమ్ము క్యాన్సర్ కణాలు. ప్లేట్లలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పోసిన గుంటల్లో పెరగాలి, పోయని గుంటల్లో పెరగకుండా ఉండిపోవాలి. ఏళ్ల తరబడి అలాగే జరుగుతోంది. ఆరోజు మాత్రం తేడాయే లేదు. పోసిన గుంటలూ పోయని గుంటలూ ఒకే తీరున కణాలతో కిక్కిరిసి ఉన్నాయి.

ఎవరిదో చెయ్యి జారి ఉంటుంది. ఏ ల్యాబులోనైనా మొదట వచ్చే అనుమానం అదే. మళ్లీ చేశారు. మళ్లీ అదే ఫలితం.

సోటో, ఆమె సహచరుడు కార్లోస్ సోనెన్‌షైన్ బ్యూనస్ ఎయిరిస్‌లో వైద్యం చదివినవాళ్లు. మెదడు అడుగున వేలాడే పీయూష గ్రంథి, దాని కణితులు, వాటి మీద ఈస్ట్రోజెన్ ప్రభావం - వాళ్ల పని మొదలైంది అక్కడ. ఈస్ట్రోజెన్ కణాన్ని నేరుగా ముందుకు తోస్తుందా, లేక కణాన్ని పట్టి ఆపుతున్న మరొకదాన్ని పక్కకు తప్పిస్తుందా? అందరూ మొదటిదే నిజమంటుంటే వీళ్లు రెండోదాని వెంట పడ్డారు. ఆ ఆపే పదార్థం రక్తంలోని సీరంలో ఉందని వాళ్ల నమ్మకం. అందుకే బొగ్గుపొడితో సీరంలోని ఈస్ట్రోజెన్‌ను పూర్తిగా లాగేసి, మిగిలినదాన్ని కణాలకు పెట్టేవారు. ఇంత జాగ్రత్తగా కడిగిన సీరంలోకి హార్మోను ఎక్కడి నుంచి వచ్చింది?

పాత సామాను పారేసి కొత్తది తెప్పించుకుంటే ఆ పూటకు పని నడిచేది. వాళ్లు పరిశోధనే ఆపేశారు. ఒక్కొక్క వస్తువునే మారుస్తూ, మిగతావన్నీ అలాగే ఉంచుతూ నాలుగు నెలలు వెతికారు. చివరికి దొరికిన దొంగ, సీరం నిల్వచేసే ప్లాస్టిక్ ట్యూబు. కార్నింగ్ కంపెనీది. ఎప్పుడూ వాడేదే, క్యాటలాగ్ నంబరూ అదే. కానీ త్వరగా పగలకుండా ఉండాలని కంపెనీ లోపలి ప్లాస్టిక్‌ను మార్చింది. ఏం కలిపారని అడిగితే వ్యాపార రహస్యం, చెప్పం అన్నారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ తర్వాతి ఘట్టమే. గ్రంథుల మీద పనిచేసే ఇద్దరు డాక్టర్లు ప్లాస్టిక్ రసాయనశాస్త్రంలోకి దిగారు. ట్యూబులోంచి ఊరిన పదార్థాన్ని వడగట్టి, శుద్ధిచేసి, ఎంఐటీ రసాయన శాస్త్రవేత్తల సాయంతో 1989 చివరికి పేరు తేల్చారు: నోనైల్‌ఫినాల్. ప్లాస్టిక్ పాడవకుండా కలిపే రసాయనం. కొన్ని రకాల డిటర్జెంట్లు మురుగునీటిలో విరిగినప్పుడు పుట్టేదీ అదే. అంటే ల్యాబులో బయటపడింది నదుల్లోనూ ఉంది. 1991లో ఆ పరిశోధన అచ్చయింది. నోనైల్‌ఫినాల్ వాడకం మీద యూరప్ ఆంక్షలు పెట్టడానికి 2003 దాకా పట్టింది.

తమను తికమకపెట్టిన ఆ కణాలనే వాళ్లు పరీక్షకు సాధనంగా మార్చుకున్నారు. అనుమానం ఉన్న రసాయనాన్ని ఆ కణాల మీద పోయాలి. పెరిగితే అది ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తున్నట్టే. ఆ పరీక్షకు ఈ-స్క్రీన్ అని పేరు పెట్టారు. పురుగుమందులూ దాని ముందుకొచ్చాయి. 1994లో ప్రచురించిన ఫలితాల్లో ఈస్ట్రోజెన్‌లా పనిచేసినవాటిలో ఈ మూడూ ఉన్నాయి: టాక్సాఫీన్, డీల్డ్రిన్, ఎండోసల్ఫాన్.

మూడోది మన పత్తి రైతుకు బాగా తెలిసిన పేరు. శనగపచ్చ పురుగు మీద కొట్టిన మందు. బోస్టన్‌లో ఆ కణాలు పెరిగి పదిహేడేళ్లు గడిచాక, కేరళలోని కాసరగోడ్‌లో ఈ మందు చల్లిన జీడిమామిడి తోటల పక్క ఊళ్లలో జబ్బుపడిన పిల్లల ఫొటోలు దేశమంతా చూశాక, 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని ఆపించింది. అప్పటిదాకా మన చేలల్లో దాన్ని కొడుతూనే ఉన్నారు.