వెలుగంకెల జేబు కాలిక్యులేటర్లు

అంకెలు తమంతట తామే వెలిగే తొలితరం జేబు లెక్కల యంత్రాలివి. 1971లో జపానులో పుట్టాయి. పదేళ్లు తిరిగేసరికి, బూడిదరంగు అద్దం మీద నల్లటి అంకెలు చూపే నేటి రకానికి చోటు వదిలేశాయి. ఎర్రగా వెలిగేవి ఎల్‌ఈడీ అంకెలు, ఆకుపచ్చ నీలం కలిసిన రంగులో వెలిగేవి ఫ్లోరొసెంట్ గొట్టం అంకెలు. అటకల మీది పెట్టెల్లో పడి ఉన్న ఈ యంత్రాలను ప్రపంచమంతటా ఔత్సాహికులు వెతికి తీసి మళ్లీ వెలిగిస్తున్నారు.

ఉత్తరాంధ్రలో ముందునాటి లెక్క

శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ధాన్యం కొలత కుంచం, అడ్డ, తవ్వ, సోలల్లో సాగేది. డబ్బు లెక్క రూపాయి, అణా, దమ్మిడీల్లో ఉండేది. రూపాయికి పదహారణాలైన రోజుల్లో పదుల పద్ధతిలో నడిచే యంత్రం కొట్టువాడికి ఎందుకూ కొరగాదు. పావు, అర, ముప్పావు ఎక్కాలు నోటికి వచ్చిన గుమాస్తాయే అక్కడ యంత్రం. పెద్దబాలశిక్షలో ఎక్కాలకూ కొలతలకూ అన్ని పేజీలు ఇచ్చింది అందుకే. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చాయి. 1956 చట్టంతో మొదలై 1960లలో కిలోలు, లీటర్లు స్థిరపడ్డాయి. కాలిక్యులేటర్ మన బజారుకు పనికొచ్చేలా చేసింది ఈ రెండు మార్పులేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. చిప్ ఆ తర్వాతి సంగతి.

ఆఫీసుల్లో చేత్తో తిప్పే ఫ్యాసిట్ యంత్రాలు, ఇంజనీరింగ్ విద్యార్థుల దగ్గర స్లైడ్ రూలు, ఇంటర్ పిల్లల చేతిలో క్లార్క్ సంవర్గమాన పట్టికలు ఉండేవి.

వెలుగు పుట్టిన తీరు

ఎర్రటి కాంతినిచ్చే ఎల్‌ఈడీని 1962లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ చేసి చూపాడు. 1967లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ, జెర్రీ మెరీమన్, జేమ్స్ వాన్ టాసెల్ చేతిలో పట్టే లెక్కల యంత్రం నమూనా తయారు చేశారు. అయితే అది జవాబును కాగితం మీద అచ్చు వేసేది. అంకెలు వెలిగే నిజమైన జేబు యంత్రం జపాను సంస్థ బిజికామ్ 1971లో తెచ్చిన ఎల్‌ఈ-120ఏ. పన్నెండు ఎర్ర అంకెలు, లోపల మాస్టెక్ సంస్థ చేసిన ఒకే ఒక్క చిప్. ధర 89,800 యెన్‌లు.

1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ వారి హెచ్‌పీ-35 వచ్చింది. 35 మీటలు ఉన్నందుకే ఆ పేరు. సైన్, కొసైన్, సంవర్గమానాలు మీట నొక్కగానే ఇచ్చేది. ధర 395 డాలర్లు. ఇంజనీర్ల జేబుల్లోంచి స్లైడ్ రూలును తరిమేసింది ఇదే. అదే ఏడు ఆగస్టులో వచ్చిన కాసియో మినీ ధర 12,800 యెన్‌లే. కొట్టుల్లోకి, ఇళ్లలోకి అడుగుపెట్టిన యంత్రం అది. ఆరంకెల ఆకుపచ్చ తెర, అంటే మన లెక్కలో పది లక్షలకు ఒకటి తక్కువ దాకా. పది నెలల్లో పది లక్షల యంత్రాలు అమ్ముడుపోయాయి.

ఎల్‌ఈడీ అంకె నిజానికి చాలా చిన్నది. ఆ పదార్థం ఖరీదైనది, వెలగడానికి కరెంటూ ఎక్కువ తాగుతుంది. అందుకని అంకెను చిన్నదిగా చేసి, దాని మీద ప్లాస్టిక్ భూతద్దం బొడిపె పెట్టేవారు. పాత యంత్రాన్ని పక్కనుంచి చూస్తే అంకెలు కనిపించకపోవడానికి కారణం ఆ బొడిపెలే. కరెంటు ఆదా కోసం అంకెలన్నిటినీ ఒకేసారి వెలిగించరు. ఒకదాని తర్వాత ఒకటి, కంటికి తెలియనంత వేగంగా వెలిగిస్తారు. ఫోనుతో వీడియో తీస్తే ఆ మిణుకు బయటపడుతుంది. 1972 నాటి సింక్లేర్ ఎగ్జిక్యూటివ్ మరో అడుగు వేసింది. అది చిప్‌కే కరెంటును ఆపి ఆపి ఇచ్చేది. అందుకే చెవిటి మిషన్ల చిన్న బ్యాటరీలతోనే నడిచి, అంత పలచగా తయారైంది.

ఫ్లోరొసెంట్ గొట్టం 1960లలో జపానులో తదాషి నకమురా కృషితో వచ్చింది. గాలి తీసేసిన గాజులో సన్నని తీగలు వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతాయి. అవి జింక్ ఆక్సైడ్ పూసిన గీతలను తాకితే ఆకుపచ్చ నీలం వెలుగు వస్తుంది. ఎర్ర అంకెల కన్నా ఇవి కంటికి చల్లన, చూపుకు పెద్దవి.

వెలుగు ఆరిన కారణం

బ్యాటరీయే. హెచ్‌పీ-35 ఒకసారి ఛార్జ్ చేస్తే కొన్ని గంటలే నడిచేది. 1973లో షార్ప్ తెచ్చిన ఈఎల్-805 ద్రవస్ఫటిక (ఎల్‌సీడీ) తెరతో ఒక్క పెన్సిల్ బ్యాటరీ మీద వంద గంటలు నడిచింది. తనకు తానుగా వెలగని తెర బయటి వెలుతురునే వాడుకుంటుంది. ఆ పొదుపు ముందు ఎరుపూ ఆకుపచ్చా నిలవలేదు.

మన దేశంలో దిగుమతి ఆంక్షలు, భారీ సుంకాల వల్ల 1970లలో కాలిక్యులేటర్ అందరికీ అందే వస్తువు కాలేదు. ఢిల్లీ క్లాత్ మిల్స్ సంస్థ కాలిక్యులేటర్లు అమ్మేది. అక్కడ పనిచేసిన శివ్ నాడార్, ఆయన మిత్రులు బయటికి వచ్చి మైక్రోకాంప్ పేరుతో కాలిక్యులేటర్ల వ్యాపారం పెట్టి, 1976లో హెచ్‌సీఎల్‌ను స్థాపించారు. విజయనగరం జిల్లా ఏర్పడిన 1979 జూన్ నాటికే ప్రపంచంలో వెలుగంకెల కాలం ముగింపుకొచ్చింది. చిట్టా, ఆవర్జాల పక్కన మన వర్తకులకు అలవాటైన కాలిక్యులేటర్ నల్లటి అంకెలదే.

అయినా ఎర్ర అంకె ఈ నేలను వదిలిపోలేదు. పలాస జీడిపప్పు దుకాణంలో, రైతుబజారు కూరగాయల బల్ల మీద ఎలక్ట్రానిక్ కాటా చూపేది తరచూ ఆ ఏడు గీతల ఎర్ర అంకెనే. కాటాకు గోడ ప్లగ్గో పెద్ద బ్యాటరీయో ఉంటుంది, బేరగాడికి దూరం నుంచి కనబడాలి. జేబులో ఓడిన వెలుగు బజారులో గెలిచింది ఆ రెండు కారణాల వల్ల.

పాత యంత్రం దొరికితే

ఇంటి పెట్టెలో ఇలాంటిది దొరికితే వెంటనే ఛార్జర్ పెట్టకూడదు. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలు కారి, క్షారం తీగలను తినేసి ఉంటుంది. బ్యాటరీలను తీసేసి, దూదిపుల్లకు వెనిగర్ అద్ది తుడిచి ఆరబెట్టాలి. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి రాగి, ఇనుము భాగాలు మరింత త్వరగా పాడవుతాయి కాబట్టి స్ప్రింగులనూ పరీక్షించాలి. హెచ్‌పీ-35ను బ్యాటరీ లేకుండా ఛార్జర్ మీద నడిపితే చిప్‌లు కాలిపోవచ్చు. ఫ్లోరొసెంట్ గొట్టంలో ఒక మూల వెండిరంగు మచ్చ కనిపిస్తుంది. అది మెరుస్తుంటే గొట్టం బాగున్నట్టే. తెల్లబడితే లోపలికి గాలి చొరబడినట్టు. అప్పుడు అదే నమూనా మరో యంత్రం నుంచి గొట్టం తెచ్చి మార్చాలి, వేరే దారి లేదు.